ఇంట్లో నాలుగు బొమ్మలు, ఆరేళ్ల తర్వాత

మా హాల్లో, డైనింగ్ టేబుల్ దగ్గర కలిపి నాలుగు బొమ్మలున్నాయి. రెండు పెన్సిల్‌తో వేసినవి, రెండు కాన్వాస్ మీద టెక్స్చర్ పెయింటింగ్‌లు, అంటే ముద్దగా పూసి ఎత్తుపల్లాలు తెచ్చినవి. నాలుగూ ఒక్కరే వేశారు. ఆయన పేరున్న ఆర్టిస్టేం కాదు. ఒక కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక సరదాగా మొదలుపెట్టారు. విశాఖలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. అందరూ మాస్టారూ అంటారు, నేనూ అంతే. 2019 చివర్లో కొన్నాను. పెన్సిల్ బొమ్మలు ఒక్కోటి 2,500, కాన్వాస్‌లు ఒక్కోటి 9,000. ఫ్రేముల ఖర్చు వేరే.

కొత్తలో ఇంటికొచ్చినవాళ్లంతా కాన్వాస్‌ల ముందే ఆగేవారు. చేత్తో తడిమి చూసేవారు (వద్దని చెప్పలేక చచ్చేదాన్ని). పెన్సిల్ బొమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నేళ్లు రోజూ చూశాక, తుడిచాక, ఒకటికి రెండుసార్లు ఫ్రేము మార్పించాక, నా మార్కులు వేరేగా ఉన్నాయి. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర బొమ్మ కొందామనుకునేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు హార్బర్ బొమ్మ. ఏ3 సైజు. ఫిషింగ్ హార్బర్‌లో జెట్టీకి కట్టేసిన మరబోట్లు. ఫొటో చూసి వేసింది కాదు. పొద్దున్నే వెళ్లి అక్కడే కూర్చుని, కొన్ని వారాల పాటు వేశారు. డ్రాయింగ్ ఆఫీసు చెయ్యి కాబట్టి గీత తడబడదు. దూరంగా ఉన్న బోట్లకి లేతగా పడే 2హెచ్, హెచ్‌బీ పెన్సిళ్లు వాడారు. దగ్గరున్న బోటు నీడకి ముదురుగా పడే 4బీ, 6బీ. వేలితో రుద్ది నునుపు చేయడం ఎక్కడా లేదు. నీడ అంతా పక్కపక్కన గీసిన గీతలే, వాటి మీద మళ్లీ ఏటవాలుగా ఇంకో వరుస. ముందు బోటు పక్కన ఒక పాత టైరు వేలాడుతుంటుంది, జెట్టీకి రాసుకోకుండా కట్టేది. ఆ టైరుని పూర్తిగా నల్లగా నింపలేదు. పై అంచున కాగితాన్ని సన్నగా, వంకరగా తెల్లగా వదిలేశారు. టైరు గుండ్రంగా, బరువుగా కనిపించేది ఆ వదిలేసిన చోటు వల్లే. వెనక వరుసలో ఒక మనిషి ఉన్నాడని నాకు చాలాకాలం తెలియనే తెలీదు. వలల గుట్ట పక్కన వంగి కూర్చున్న వీపు. మహా అయితే ఆరేడు గీతలు.

లోపాలు లేవని కాదు. మాస్టారికి నీళ్లు వేయడం రాదు. అడ్డగీతలు గీసేసి నీళ్లనుకోమంటారు. ఎడమవైపు జెట్టీ కాస్త పైకి లేచినట్టుంటుంది. పేరున్న చిత్రకారుడు లక్ష్మా గౌడ్ పెన్సిల్ పని చూసిన కళ్లతో చూస్తే ఇది ఎక్కడ ఆగిపోయిందో తెలిసిపోతుంది. అక్కడ గీతకి ప్రాణం ఉంటుంది, ఇక్కడ క్రమశిక్షణ మాత్రం ఉంది. అయినా ఆ క్రమశిక్షణ చాలు, రోజూ చూడ్డానికి.

2023 నవంబరులో ఒక రాత్రి హార్బర్‌లో మంటలు లేచి 40 దాకా బోట్లు తగలబడ్డాయి. మర్నాడు టీవీలో అదే చూపిస్తుంటే మా ఆయన లేచి వచ్చి ఈ బొమ్మ ముందు నిలబడ్డారు. బోట్ల మీద నంబర్లు మాస్టారు వేయలేదు కాబట్టి ఇందులో ఏవి మిగిలాయో, ఏవి పోయాయో చెప్పలేం. తర్వాత మాస్టారినే అడిగాను. "బోట్లు ఎప్పుడూ ఒకచోట ఉండవు కదమ్మా, నేను వేస్తుండగానే రెండు మారిపోయాయి" అన్నారు. అంటే ఈ బొమ్మలో ఉన్న వరుస నిజానికి ఏ రోజూ అలా లేదన్నమాట.

రెండో పెన్సిల్ బొమ్మ మా అమ్మమ్మది. చిన్న పాస్‌పోర్ట్ ఫొటో ఇచ్చి వేయించుకున్నాం. చూసినవాళ్లు "అచ్చం ఫొటోలాగే ఉంది" అంటారు. దాని గొప్పా అదే, చిక్కూ అదే. కాగితం చుట్టి చేసిన బ్లెండింగ్ స్టంప్‌తో చెంపలు, నుదురు నున్నగా రుద్దేశారు. ఫొటోలో ఫ్లాష్ పడి ముఖం చదునుగా ఉంటే ఇందులోనూ చదునే. జుట్టు మాత్రం అద్భుతం. పాపిట దగ్గర తెల్ల వెంట్రుకల్ని రబ్బరు అంచుతో తీశారు. మెత్తగా పిసికి కావలసిన ఆకారం చేసుకునే రబ్బరొకటి ఉంటుంది, దాన్ని సన్నగా సాగదీసి నలుపులోంచి తెలుపుని లాగినట్టు తీస్తారు. మా అమ్మకి ఈ ఇంట్లో అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ ఇదే, నేనేమీ అనను. నాకు మాత్రం ఏడాది తిరిగేసరికి ఇందులో కొత్తగా కనిపించేది ఏమీ లేకుండా పోయింది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి వేయించుకోగలిగితే, పోలిక కాస్త తప్పినా సరే, అదే మేలు.

ఇంకో సంగతి, మెరుపు. మెత్తటి పెన్సిల్‌తో నల్లగా నింపిన చోట గ్రాఫైట్ మెరుస్తుంది. అమ్మమ్మ చీర అంచు 8బీతో నింపారు. ట్యూబ్‌లైట్ వేస్తే అక్కడ నలుపు పోయి వెండి రంగు తేలుతుంది, పైన గాజు మెరుపు దానికి తోడు. కిటికీకి ఎదురు గోడ మీంచి తీసి పక్క గోడకి మార్చాక సమస్య చాలావరకు తగ్గింది. ఇప్పుడు మాస్టారు బాగా నల్లగా కావలసిన చోట కార్బన్ పెన్సిల్ వాడుతున్నారు, అది మెరవదు.

మన్నికలో పెన్సిల్‌కి తిరుగులేదు. పెన్సిల్ ముల్లు అంటే గ్రాఫైటూ బంకమట్టీ కలిపి కాల్చింది. 1795లో ఫ్రాన్సులో కోంటె కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. మట్టి పాలు పెరిగితే గట్టి హెచ్, గ్రాఫైట్ పెరిగితే మెత్తటి బీ. ఆ గ్రాఫైట్ కార్బనే కాబట్టి వెలుతురుకి వెలిసిపోదు. ఆరేళ్లలో ఒక్క గీతా పాలిపోలేదు. పాడయ్యేదల్లా కాగితమే, అందులోనూ మా ఊరి గాలికి. సముద్రం దగ్గర ఇల్లు, వానాకాలం వస్తే బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. మొదట ఫ్రేము కట్టినాయన అమ్మమ్మ బొమ్మ వెనకంతా జిగురు పూసి అట్టకి అంటించేశాడు, పైన గాజుని నేరుగా కాగితం మీద పెట్టేశాడు. రెండో వానాకాలానికి ఎడమ మూల గోధుమరంగు చుక్కలు వచ్చాయి. అంటించింది ఇక ఊడదు. ఆ చుక్కలు అలాగే ఉన్నాయి, ఇంకా పెరగకుండా చూసుకోవడమే మిగిలింది.

హార్బర్ బొమ్మకి అదృష్టం కొద్దీ అంటించలేదు. దాన్ని విప్పించి యాసిడ్ లేని మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ అంచులా వచ్చే మందపాటి అట్ట) పెట్టించాను. గాజుకీ కాగితానికీ మధ్య ఆ మందం ఉంటే చెమ్మ పట్టినా కాగితం గాజుకి అంటుకోదు. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు రబ్బరు బొడిపెలు అతికించాం, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది (ఆ సందులో బల్లి కాపురం పెట్టింది, అది వేరే కథ). బయటివైపు గోడకి, బాత్‌రూమ్ గోడకి కాగితం బొమ్మ తగిలించకండి. గాజు బదులు అక్రిలిక్ షీటు వేస్తామంటే బొగ్గుతో వేసిన బొమ్మలకి మాత్రం ఒప్పుకోకండి, ఆ షీటుకి ఉండే స్టాటిక్ పొడిని లాగేస్తుంది.

ఇక కాన్వాస్‌లు. మొదటిది ఎర్రమట్టి దిబ్బలు. పేరు మాస్టారు పెట్టలేదు, మేమే పెట్టుకున్నాం. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో సముద్రం పక్కన వానకి కోసుకుపోయి గట్లు గట్లుగా నిలబడ్డ ఎర్ర ఇసుక మేటలవి. 2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. బొమ్మలో దిబ్బలు అచ్చంగా ఉండవు. కింద ముదురు కావి, పైకి పోయేకొద్దీ పసుపు, మధ్యలో పైనుంచి కిందికి దిగే లోతైన కోతలు. చెప్పకపోతే ఎవరూ దిబ్బలనుకోరు. చెప్పాక ఇంకేమీ అనుకోలేరు.

వేసే విధానం నేను దగ్గరుండి చూశాను. మోడలింగ్ పేస్ట్ అని దొరుకుతుంది, అక్రిలిక్ జిగురులో పాలరాతి పొడిలాంటిది కలిపిన తెల్లటి ముద్ద. దాన్ని పాలెట్ నైఫ్‌తో (రంగు పూయడానికి వాడే పదును లేని కత్తి) పల్చగా పట్టించి, ఆరాక ఇంకో పూత, అలా మందం పెంచుకుంటూ పోతారు. ఒకేసారి మందంగా వేస్తే పైన ఆరి లోపల ఆరక పగుళ్లొస్తాయి. మూడో పూతలో ఇసుక కలిపారు. దిబ్బల దగ్గర్నుంచి తెచ్చారా అని అడిగితే, "అక్కడ పిడికెడు తీసినా తప్పేనమ్మా, ఇది మా మేడ కట్టినప్పుడు మిగిలింది. జల్లించి, కడిగి, ఎండబెట్టా" అన్నారు. తడి ఉండగానే విరిగిన దువ్వెనతో కోతలు గీశారు. అంతా ఆరాక నీళ్లలా పల్చటి ముదురు రంగు పూసి, వెంటనే గుడ్డతో తుడిచేశారు. రంగు గుంటల్లో నిలిచిపోయింది, గట్ల మీద పోయింది. ఆ తుడవడంతోనే అంతవరకు సున్నం గోడలా ఉన్నదానికి లోతు వచ్చింది.

ఈ బొమ్మని అది ఉన్న చోటుతో కలిపే చూడాలి. మా డైనింగ్ టేబుల్ పక్క గోడ మీద ఉంది, ఎడమవైపు తూర్పు కిటికీ. పొద్దున ఏడూ ఎనిమిదింటి మధ్య వెలుతురు పక్కనుంచి పడి ప్రతి గట్టుకీ నీడ వస్తుంది. మధ్యాహ్నానికి నీడలు పోతాయి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూస్తే రంగులద్దిన అట్టముక్కే. పక్కనుంచి పడేలా చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టించాక రాత్రిపూట కూడా పర్వాలేదు. టెక్స్చర్ బొమ్మ కొనేటప్పుడు దాన్ని పెట్టబోయే గోడకి వెలుతురు ఏ వైపు నుంచి వస్తుందో ముందు చూసుకోండి, రంగు సోఫాకి మ్యాచ్ అవుతుందా లేదా అన్నది తర్వాత. పెన్సిల్ బొమ్మకి ఈ బెడద లేదు, దాని వెలుతురు దానిలోనే గీసి ఉంటుంది.

నాలుగోది నీలం, తెలుపు అలలు, మధ్యలో బంగారు రేకు. ఇలాంటివి ఇప్పుడు ప్రతి హోటల్ లాబీలోనూ ఉన్నాయి. మాస్టారికి ఎవరో వీడియో చూపిస్తే వేశారట. ఇందులో మోడలింగ్ పేస్ట్ ఖర్చెక్కువని తెల్ల సిమెంటు పుట్టీ వాడారు, గోడకి కొట్టిన పిడకలా మందంగా. పుట్టీ గోడ కోసం చేసింది, గోడ కదలదు. కాన్వాస్ గుడ్డ వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ఉంటుంది. మూడో ఏడు వేసవికి అలల పైభాగాన సన్నటి పగుళ్లు కనిపించాయి, తర్వాత వేలి గోరంత పెచ్చు రాలింది. బంగారు రేకు కూడా అసలు బంగారం కాదు, రాగి, జింకు కలిపిన రేకు. పైన వార్నిష్ సరిగ్గా పడని చోట ఉప్పుగాలికి ఆకుపచ్చ, గోధుమరంగు తిరిగింది. నిజం చెప్పాలంటే ఆ తిరిగిన రంగే మొత్తం బొమ్మలో కాస్త చూడబుద్ధేసే భాగం. మాస్టారికి చూపిస్తే మొహమాట పడకుండా ఒప్పుకున్నారు, ఎండీఎఫ్ చెక్క మీద మళ్లీ వేసిస్తానన్నారు. నేను వద్దన్నాను. పగుళ్లు లేకపోయినా నాకిది విసుగే.

ఎందుకు విసుగు అని చాలాసార్లు ఆలోచించాను. రెండూ ఆబ్‌స్ట్రాక్టే, రెండూ ఒకే చేతివి. దిబ్బల బొమ్మలో ప్రతి కోతకీ ఒక కారణం ఉంది, నీళ్లు పైనుంచి కిందికి పోవాలి. నీలం బొమ్మలో ముద్ద ఎక్కడ పెట్టినా ఒకటే. స్పెయిన్‌లో తాపియెస్ అనే చిత్రకారుడు పాలరాతి పొడి, ఇసుక కలిపి కాన్వాస్‌ని గోడలా చేసి, దాన్ని గీకి, తవ్వి బొమ్మలు చేశాడు. మన దేశపు ఆబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు గైతోండే రోలర్, కత్తి పట్టుకుని రంగు వేసినంత శ్రద్ధగా రంగు తీసేవాడు. వాళ్లతో మాస్టారిని పోల్చడం అన్యాయమే. కానీ మందంగా పెట్టడం వేరు, పెట్టినదాన్ని ఏంచేయాలో తెలియడం వేరు అన్నది ఈ రెండు కాన్వాస్‌లు పక్కపక్కన ఉంటేనే నాకు అర్థమైంది.

శుభ్రం చేయడం గురించి రెండు ముక్కలు. టెక్స్చర్ అంటేనే దుమ్ము, ప్రతి గట్టు మీదా కూర్చుంటుంది. ఎండాకాలంలో అక్రిలిక్ కాస్త మెత్తబడుతుంది, అప్పుడు దుమ్ము అతుక్కుపోతుంది. తడిగుడ్డ పెట్టకండి. పెద్ద మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి, పదిహేను రోజులకోసారి. పనమ్మాయికి అప్పజెప్పకుండా నేనే చేస్తాను. పెన్సిల్ బొమ్మలకి గాజు తుడిస్తే చాలు. స్ప్రే మాత్రం గాజు మీద కాకుండా గుడ్డ మీద కొట్టాలి, లేకపోతే ఫ్రేము సందులోంచి లోపలికి దిగుతుంది.

మార్కులు అడిగితే, హార్బర్‌కి పదికి తొమ్మిది. దిబ్బలకి ఎనిమిది, కిటికీ లేని ఇంట్లో అయితే ఐదు. అమ్మమ్మకి ఆరు, మా అమ్మ ఈ వాక్యం చదవకూడదు. నీలానికి మూడు.

మాస్టారి ధరలు ఇప్పుడు పెరిగాయి, కాన్వాస్ 15,000 అంటున్నారు, పెన్సిల్ 4,000. పెన్సిల్ బొమ్మలు అడిగేవాళ్లు తక్కువ కాబట్టి బేరం కుదురుతుంది. నేను భీమిలి లైట్‌హౌస్ వేసిపెట్టమన్నాను, అక్కడికెళ్లి కూర్చుని వేస్తేనే తీసుకుంటానని కూడా చెప్పాను. మౌంట్ బోర్డు కొని ముందే ఆయనింట్లో ఇచ్చేశాను.