కాగితాలన్నీ ముందే సిద్ధం చేసుకుని బయలుదేరాలా, వెళ్లాక చూసుకోవాలా?

పరాయి దేశంలో కొన్నేళ్లు ఉండటానికి బయలుదేరేవాళ్లలో రెండు రకాలవారు కనిపిస్తారు. తమ పేరు మీదున్న ప్రతి కాగితానికీ ముద్ర వేయించి, అనువాదం చేయించి, లావుపాటి ఫైలు సిద్ధమైతే గానీ విమానం ఎక్కనివారు ఒక రకం. వీసాకు అడిగినవి ఇచ్చేసి, మిగతావి ఎవరైనా అడిగిన రోజు చూద్దాంలే అనేవారు రెండో రకం. ముందుచూపు మంచిదే కదా అని మొదటివారి వైపు మొగ్గాలనిపిస్తుంది. తీరా అక్కడికి వెళ్లి ఫైలు విప్పితే అందులో కొన్ని కాగితాలు చెల్లవంటారు. రెండోవారి తిప్పలు వేరు. వాళ్లకు కావలసిన ముద్ర, వాళ్లు వదిలి వచ్చిన దేశంలో తప్ప ఎక్కడా దొరకదు. ఎవరిది ఒప్పు అంటే నా జవాబు కాగితాన్ని బట్టి మారుతుంది. ముద్రల విషయంలో మొదటివారి మాట వింటాను, అనువాదాల విషయంలో రెండోవారి మాట. గడువున్న కాగితాల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి మాటా వినను.

ఒక దేశపు అధికారి సంతకాన్ని మరో దేశపు అధికారి నమ్మాలంటే మధ్యలో ఎవరో ఒకరు పూచీ పడాలి. ఆ పూచీయే అపోస్టిల్. 1961 అక్టోబరు 5న హేగ్‌లో కుదిరిన ఒప్పందం దీనికి మూలం. ఒక్కో భుజం 9 సెంటీమీటర్లకు తగ్గని చదరం, అందులో వరస సంఖ్యలు వేసిన 10 వివరాలు, పైన తప్పనిసరిగా ఫ్రెంచిలో శీర్షిక. ఏ దేశం ఇచ్చినా దాదాపు ఇదే రూపం. సంతకం నిజమైనదేనా, సంతకం చేసినవారు ఏ హోదాలో చేశారు, ముద్ర ఎవరిది అన్నంతవరకే దాని పూచీ. కాగితంలో రాసింది నిజమా, అబద్ధమా అన్నది దానికి పట్టదు. జనన ధ్రువపత్రంలో తల్లి పేరు తప్పు పడితే ఆ తప్పు మీద కూడా నిక్షేపంగా అపోస్టిల్ పడుతుంది. కాబట్టి పేర్లు, తేదీలు పాస్‌పోర్టుతో సరిచూసి, సవరణలుంటే చేయించుకున్నాకే ముద్రకు పంపాలి. సవరించిన పత్రం కొత్త పత్రం కిందే లెక్క. పాత ముద్ర దానికి పనికిరాదు.

ఈ ముద్ర వేసే అధికారం కాగితం పుట్టిన దేశానికే ఉంటుంది. మీరు చేరిన దేశం వేయలేదు, అక్కడున్న మీ రాయబార కార్యాలయమూ సాధారణంగా వేయదు. అంతేకాదు, రాయబార కార్యాలయాలు, కాన్సులేట్లు స్వయంగా జారీ చేసే పత్రాలను ఈ ఒప్పందం మొదటి అధికరణంలోనే మినహాయించింది. అవసరమైతే కాన్సులేట్‌లో మరో జనన ధ్రువపత్రం తీసుకుని దానికి అపోస్టిల్ వేయిస్తానులే అనుకునేవారు ఇక్కడే బోల్తా పడతారు. కాన్సులేట్ ఇచ్చిన కాగితానికి ఆ దారే లేదు. వెళ్లాక చూసుకుందాం అనే పద్ధతికి ఇంతకంటే పెద్ద దెబ్బ మరొకటి లేదు.

ఒప్పందంలో లేని దేశానికైతే పని ఇంకా సాగుతుంది. జారీ చేసిన కార్యాలయం, ఆపై మీ విదేశాంగ శాఖ, ఆపై మీరు వెళ్లబోయే దేశపు రాయబార కార్యాలయం ఒకదాని మీద ఒకటి ముద్రలు వేసుకుంటూ పోవాలి. చైనాకు 2023 నవంబరు 7 వరకు, కెనడాకు 2024 జనవరి 11 వరకు ఇదే దారి. ఆ తేదీల నుంచి ఆ రెండు దేశాలూ అపోస్టిల్‌కు వచ్చేశాయి. కాబట్టి అంతకుముందు వెళ్లిన స్నేహితుడి అనుభవం నమ్ముకుంటే అక్కర్లేని ముద్రల కోసం తిరగాల్సి వస్తుంది. మరో మెలిక కూడా ఉంది. కొత్తగా చేరిన దేశం మీద పాత సభ్యదేశం అభ్యంతరం చెప్పవచ్చు. అలా చెబితే ఆ రెండింటి మధ్య ఒప్పందం అమలు కాదు. రెండు దేశాల పేర్లూ జాబితాలో ఉన్నాయని సంబరపడకుండా, ఆ రెండింటి మధ్య అది నడుస్తోందా అన్నది చూడాలి. ఐరోపా సమాఖ్యలోని ఒక దేశం నుంచి మరో దేశానికి మారేవారు మాత్రం ఈ గొడవ నుంచి చాలావరకు బయటపడ్డారు. 2019 ఫిబ్రవరి 16 నుంచి జనన, వివాహ పత్రాల వంటి వాటికి వాళ్ల మధ్య అపోస్టిల్ అక్కర్లేదు.

అపోస్టిల్‌ను కొన్నిచోట్ల కాగితం వెనకే వేస్తారు, కొన్నిచోట్ల విడిగా ఒక పుట చేర్చి పిన్ను కొట్టో, రిబ్బను కుట్టో ఇస్తారు. స్కాన్ నీటుగా రావాలని ఆ పిన్ను పీకేవారు ఉంటారు. పీకారంటే కథ మొదటికి వచ్చినట్టే. విడిపోయిన పుట ఏ కాగితానికి చెందిందో చెప్పే ఆధారం పోతుంది, తిరిగి పిన్ను కొట్టినా ఆ రంధ్రాలు పట్టించేస్తాయి. పుటను మెల్లగా మడిచి ఫొటో తీసుకోవడమే మార్గం. ముద్ర పడేది అసలు పత్రం మీదే కనుక జనన, వివాహ పత్రాలు రెండు మూడు అసలు ప్రతులు తీసుకోవడం మంచిది. ఒకటి ఏదో ఒక కార్యాలయపు ఫైల్లో ఉండిపోతుంది, తిరిగి రాదు.

అనువాదానికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. దాన్ని చదివి నమ్మాల్సింది చేరే దేశపు అధికారి. అక్కడ ఎవరి అనువాదం చెల్లుతుందన్నదే ప్రశ్న. స్పెయిన్‌లో విదేశాంగ శాఖ నియమించిన ప్రమాణ అనువాదకులు ఉంటారు. ఫ్రాన్స్‌లో అప్పీలు కోర్టుల జాబితాల్లో పేరున్నవారు, జర్మనీలో ప్రమాణం చేసి అధికారిక గుర్తింపు పొందినవారు ఆ పని చేస్తారు. ఇటలీలో అనువాదకుడు కోర్టుకు వెళ్లి, అనువాదం మూలానికి నమ్మకంగా ఉందని ప్రమాణం చేసే పద్ధతి ఉంది. ఇలాంటి దేశాలకు వెళ్లేవారు బయలుదేరే ముందే చేయించి నోటరీ ముద్ర కొట్టించుకున్న అనువాదం ఎంత చక్కగా ఉన్నా కౌంటరు దగ్గర ఆగిపోవచ్చు. నోటరీ పూచీ పడేది అనువాదకుడి సంతకానికి. అనువాదం బాగుందో లేదో ఆయనకేం తెలుసు? బ్రిటన్, అమెరికా ఈ విషయంలో ఉదారంగా ఉంటాయి. అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందని అనువాదకుడు రాసి, తన పేరు, వివరాలతో సంతకం చేస్తే సరిపోతుంది. అక్కడికి వెళ్లేవారు ముందే చేయించుకున్నా నష్టం లేదు. కెనడా మాత్రం దరఖాస్తుదారుడి కుటుంబసభ్యులు చేసిన అనువాదాన్ని, వాళ్లు వృత్తిరీత్యా అనువాదకులే అయినా, తీసుకోదు.

ఏ దేశానికైనా వరస ఒకటే: ముద్ర ముందు, అనువాదం తర్వాత. తొందరపడి అనువాదం ముందు చేయిస్తే, తర్వాత వచ్చిన అపోస్టిల్ పుట అనువాదం కాకుండా మిగిలిపోతుంది. అధికారి ఆ ఖాళీని చూపించి ఫైలు వెనక్కి ఇస్తాడు.

వీసా దరఖాస్తుతోనే అనువాదం అడిగితే ఏం చేయాలని సందేహం రావచ్చు. చేరే దేశపు అనువాదకుడి దగ్గరికి మీరు నడిచి వెళ్లనక్కర్లేదు. స్కాన్ పంపితే పని చేసి కొరియర్‌లో పంపేవారు ఉన్నారు. పంపేటప్పుడు పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పుట కూడా జతచేయండి. మరో లిపిలో ఉన్న పేరును ఆయన తన చెవికి తోచినట్టు రాస్తే, మీరు ఇద్దరు మనుషులవుతారు. తేదీలూ అంతే. 04/07 అని ఉన్న పత్రాన్ని ఒకరు ఏప్రిల్ 7గా, మరొకరు జులై 4గా చదువుతారు. నెలను అక్షరాల్లో రాయమని ముందే చెబితే ఒక ఉత్తరప్రత్యుత్తరం తప్పుతుంది.

ఇక గడువున్న కాగితాలు. అపోస్టిల్‌కు ఒప్పందం ప్రకారం గడువంటూ లేదు. కింద ఉన్న కాగితం మాత్రం పాతబడుతుంది. పోలీసు ధ్రువపత్రం, వైద్య పరీక్షలు, బ్యాంకు స్టేట్‌మెంటు ఈ కోవకు చెందినవి. వీటిని ఏడాది ముందే తీసుకుని భద్రపరచడం వృథా, చివరి వారంలో మొదలుపెట్టడం సాహసం. బ్రిటన్ విద్యార్థి వీసాకు చూపే సొమ్ము వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ 28వ రోజు, దరఖాస్తు చేసిన తేదీకి 31 రోజుల కంటే వెనక ఉండకూడదు. మధ్యలో ఒక్కరోజు నిల్వ తగ్గినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఎంత ముందుగా డబ్బు సర్దుకున్నా ఆ ఒక్కరోజు ముంచుతుంది. కెనడా శాశ్వత నివాసానికి అడిగే పోలీసు ధ్రువపత్రం ఇంకా తమాషా. ప్రస్తుతం ఉంటున్న దేశానిదైతే దరఖాస్తుకు ముందు 6 నెలల లోపు జారీ అయి ఉండాలి. గతంలో ఉండి వచ్చిన దేశానిదైతే, అక్కడ చివరిసారి ఉండి వచ్చేసిన తర్వాత జారీ అయి ఉండాలి. అంటే ఆ దేశం వదిలే ముందు ఎంతో జాగ్రత్తగా తీసుకున్న పత్రం దీనికి పనికిరాదు! ఈ కాగితాల విషయంలో ముందు, తర్వాత అన్న వాదనే కుదరదు. దరఖాస్తు తేదీ ఖాయం చేసుకుని, దాని నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

కొన్ని కాగితాలైతే అక్కడే పుడతాయి. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేసుకోవాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువీకరణ కావాలి. ఇటలీలో దిగిన 8 పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఫ్రాన్స్‌లో నివాస అనుమతిగా పనికొచ్చే దీర్ఘకాలిక వీసాను 3 నెలల్లోపు ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవాలి. ఇవేవీ ఇంట్లో కూర్చుని సిద్ధం చేసుకునేవి కావు. అంతా ముందే చేసేసుకున్నాం, ఇక నిశ్చింత అనుకున్నవారు తేదీ దాటబెట్టుకునేది ఎక్కువగా వీటి దగ్గరే.

ఏడాది చదువుకు ఒంటరిగా వెళ్లేవారు పెద్ద ఫైలు కట్టుకోనక్కర్లేదు. డిగ్రీ, జనన ధ్రువపత్రం ఈ రెండింటికీ ముద్ర వేయించి ఉంచుకుంటే చాలు, వీసాకు అడిగినవి ఎలాగూ ఉంటాయి. భార్యాబిడ్డలతో వెళ్లేవారు, స్థిరపడాలనుకునేవారు మాత్రం ముద్రల విషయంలో పిసినారితనం చూపకూడదు. వివాహ పత్రం, పిల్లల జనన పత్రాలు, మునుపు విడాకులు జరిగి ఉంటే కోర్టు తీర్పు ప్రతి, అన్నీ అపోస్టిల్‌తో వెంట ఉండాలి. కుటుంబాన్ని తర్వాత పిలిపించుకునేటప్పుడు మొదట అడిగేవి ఇవే. అనువాదం అప్పుడు చేయించుకోవచ్చు.

ఎంత సర్దుకున్నా తర్వాత ఒకటో రెండో కావలసి వస్తాయి. అందుకే బయలుదేరే ముందు నమ్మకమైన మనిషి పేరిట ఒక పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చి వెళ్లడం, ఫైల్లోని ఏ కాగితం కన్నా ఎక్కువ అక్కరకొస్తుంది. ఇదే పని వెళ్లాక చేయాలంటే కాన్సులేట్‌లో అపాయింట్‌మెంటు దొరకాలి, కాగితం కొరియర్‌లో రావాలి, ఆపైనే అసలు పని మొదలవుతుంది. మీ తరఫున ధ్రువపత్రాలకు దరఖాస్తు చేయడం, వాటిని తీసుకోవడం, అపోస్టిల్‌కు సమర్పించడం వరకే అధికారం ఇవ్వండి. ఆస్తుల ఊసు అందులో రానీయకండి, అధికారం ముగిసే తేదీ కూడా రాయించండి.