మారిషస్: రిసార్టు గేటు దాటాక కనిపించిన ఊరు

మారిషస్ అనగానే మన దగ్గర హనీమూన్ ప్యాకేజీ గురించే మాట్లాడతారు. మేం వెళ్లింది అమ్మా, నేనూ. అమ్మది విజయనగరం దగ్గర పల్లె. పూర్వం ఓడలెక్కి దీవులకు కూలికి పోయినవాళ్ల కథలు వాళ్ల నాయనమ్మ చెప్పేదట. "ఆ దీవి ఒకసారి చూడాలి" అని చాలా ఏళ్లుగా అంటోంది. మొత్తానికి అక్టోబరులో ఎనిమిది రోజులు కుదిరింది. అప్పటికి అక్కడ చలి తగ్గుతుంది, ఎండ ఇంకా ముదరదు. జనవరి నుంచి మార్చి దాకా తుఫాన్ల భయం ఉంటుంది కాబట్టి ఆ నెలలు వద్దనుకున్నాం. ముంబై నుంచి విమానంలో సుమారు 6 గంటలు. మనవాళ్లు వీసా ముందుగా తీసుకోనక్కర్లేదు. తిరుగు టికెట్టు, బస వివరాలు చేతిలో ఉంటే చాలు.

మొదటి రెండు రాత్రులు తూర్పు తీరంలో ఒక పెద్ద రిసార్టులో ఉన్నాం. గది శుభ్రంగా ఉంది, సముద్రం గుమ్మంలోనే ఉంది. అలసిపోయి వచ్చినవాళ్లకు అది మంచి చోటే. కానీ బఫేలో అమ్మకు పెట్టింది పనీర్ బటర్ మసాలా. రాత్రి అరగంట సెగా నాట్యం చూపించి, ఇదే స్థానిక సంస్కృతి అన్నారు. ఊళ్లోకి వెళ్లాలంటే తమ టాక్సీ తప్ప దారి లేదని కూడా చెప్పారు. మర్నాడు నడకకు బయల్దేరితే గేటుకు ఐదు నిమిషాల దూరంలో బస్ స్టాపు కనిపించింది. ఉన్న బస్సును లేదని చెప్పడం నాకు నచ్చలేదు.

మూడోరోజు ఆగ్నేయాన ఉన్న మాయెబూర్‌కు మారాం. విమానాశ్రయానికి దగ్గర్లోని పాత రేవు పట్నం అది. అక్కడ షాంబ్ర్ దోత్ అనే పద్ధతి ఉంది. ఇంటివాళ్లు కింద ఉంటారు, పై గదులు అతిథులకిస్తారు. రిసార్టులో ఒక్క రాత్రికి కట్టిన డబ్బుతో ఇక్కడ నాలుగు రాత్రులు గడిచాయి. లోపాలూ చెప్పాలి. ఏసీ పెద్దగా చప్పుడు చేస్తుంది, రాత్రి వీధి కుక్కలు మొరుగుతాయి, ఇంటి ముందు ఈతకు పనికొచ్చే సముద్రం లేదు, బ్లూ బే దాకా బస్సులో పోవాలి. అయినా మళ్లీ వెళ్తే నేను అక్కడే దిగుతాను. కారణం ఆ ఇంటి పెద్దావిడ. అక్కడ పెద్దవయసు ఆడవాళ్లను 'తాంతిన్' అని పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం.

తాంతిన్‌కు తెలుగు రాదు, అమ్మకు అక్కడివాళ్లు మాట్లాడే క్రియోల్ రాదు. ఇద్దరికీ వంటింట్లో మాటలు దొరికాయి. తాంతిన్ బీరకాయ చేతిలోకి తీసుకుని 'పిపాంగాయ్' అంది. పొట్లకాయ 'పతోల్', మునగాకు 'బ్రెడ్ మురూమ్', కరివేపాకు 'కరిపిలే'. బ్రెడ్ అంటే వాళ్ల భాషలో ఆకుకూర. "ఓలమ్మా, మన కరివేపాకే!" అని అమ్మ ఆ రెమ్మను చేత్తో పట్టుకుని ఎంతసేపు నవ్విందో. దక్షిణాది నుంచి వెళ్లిన కూలీల నోట్లోంచి ఆ మాటలు అందరి వంటింట్లోకీ చేరాయి. ఇప్పుడు ఆ దీవిలో ఏ జాతివాళ్లయినా బీరకాయను ఆ పేరుతోనే కొంటారు. ఆ ఇంటికి మారిన రెండోరోజు సాయంత్రం అమ్మ మునగాకు పప్పు చేసింది, తాంతిన్ మునగాకు చారులా కాచే 'బుయోం' చేసింది. నేను రెండూ కలిపి తిన్నాను.

మాయెబూర్‌లో సోమవారం సంత తప్పక చూడండి. కూరలు, బట్టలు, బుట్టలు, ఎండు చేపలు అన్నీ సముద్రపు ఒడ్డునే పరుస్తారు. శాకాహారులకు కడుపు నింపేది దాల్ పురీ. బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి. పసుపు బఠాణీ పప్పు ఉడికించి, పొడిలా చేసి, లోపల పెట్టి పల్చగా ఒత్తుతారు. రెండేసి కలిపే అమ్ముతారు. మధ్యలో చిక్కుడుగింజల కూర, రుగాయ్ అనే టమాటా ఇగురు, కాస్త పచ్చడి, మిరపకాయ ముద్ద వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. పప్పు వడల్లాంటి 'గాతో పిమా'ను వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకుని పొద్దున్నే తింటారు. ఎక్కువమంది నిలబడ్డ బండి దగ్గరే తినండి, వేడిగా దొరుకుతుంది. మారిషస్ రూపాయి మన రూపాయలు రెండింటికి దగ్గరగా ఉంటుంది. అయినా ఇలా తింటే ఖర్చు మన హోటళ్లలో అయినంతే అవుతుంది. ఊరి వంతెన దాటితే 1870 నాటి బిస్కట్ల తయారీ చోటు ఉంది. కర్రపెండలం పిండిని అచ్చుల్లో పోసి, ఎండు చెరకు ఆకుల మంట మీద కాలుస్తారు.

తిరగడానికి మేం ఎక్కువగా బస్సులే నమ్ముకున్నాం. కండక్టరు టికెట్టు ఇస్తాడు, దిగాల్సిన చోటు గుర్తుపెట్టుకుని పిలుస్తాడు. ఒక్కటే ఇబ్బంది, చీకటి పడ్డాక బస్సులు బాగా తగ్గిపోతాయి, ఊళ్లలో అయితే దాదాపు ఉండవు. టాక్సీ ఎక్కేముందే ఎంతో మాట్లాడుకోవాలి. రాజధాని పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పైప్ దాకా మెట్రో ఉంది, కట్టింది మన ఎల్ అండ్ టీ వాళ్లు.

పోర్ట్ లూయిస్‌లో చూడాల్సినవి చాలానే ఉన్నాయి. పెద్ద మార్కెట్లో సబ్జా గింజలు వేసిన చల్లని పాలు, వాళ్ల అలూదా, తాగాం. కానీ మేం అసలు వెళ్లింది ఆప్రవాసి ఘాట్‌కు, మన కూలీలు ఓడ దిగిన రేవుకు. బానిసత్వం రద్దవుతుంటే చెరకు తోటలకు మనుషులు కావాల్సి వచ్చారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది భారతీయులను తెచ్చారు. వాళ్లలో చాలామంది అక్కడే ఉండిపోయారు, కొందరు ఇతర కాలనీలకు వెళ్లారు. తెలుగువాళ్లను అక్కడ 'కోరంగి' అన్నారు, గోదావరి పాయ పక్కన ఉన్న మన కోరంగి రేవు పేరు అది. 5 ఏళ్ల ఒప్పందం, నెలకు 5 రూపాయలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. రేవులో దిగినవాళ్లు ఎక్కిన 16 రాతి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ప్రవేశం ఉచితం, పక్కనే మంచి ప్రదర్శనశాల ఉంది. అయినా మేమున్న రెండు గంటల్లో వచ్చిన పర్యాటకులు పదిమంది లేరు. అమ్మ ఆ మెట్ల ముందు చెప్పులు విప్పి నిలబడింది. ఎందుకని నేను అడగలేదు. తిరుగు బస్సులో చెరకు తోటల మధ్య గుట్టలుగా పోసిన నల్లరాళ్లు కనిపించాయి. సాగు కోసం ఆ రాళ్లన్నీ చేతులతో ఏరి పోసింది ఆ కూలీలే. అమ్మ కిటికీలోంచి వాటినే చూస్తూ కూర్చుంది.

షమరెల్ ఏడు రంగుల మట్టి అందంగానే ఉంది కానీ జనం ఎక్కువ, పావుగంటలో అయిపోతుంది. గంగా తలావ్ దగ్గర పెద్ద శివుడి విగ్రహానికి దండం పెట్టుకుని వచ్చేశాం.

ఒక్క పడవ ప్రయాణం మాత్రం మనసు పాడుచేసింది. పశ్చిమ తీరంలో తామరిన్ దగ్గర డాల్ఫిన్లు చూపిస్తామని తీసుకెళ్లారు. నాలుగు డాల్ఫిన్ల చుట్టూ పదిహేను పడవలు! అవి ఎటు తిరిగితే అటు ఇంజన్లు వేగం పెంచడం, మనుషులు నీళ్లలోకి దూకడం. అమ్మ "పాపం, వదిలెయ్యండి బాబూ" అంటూనే ఉంది. దానికి డబ్బు కట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. దయచేసి దాని బదులు మాయెబూర్ దగ్గరి ఇల్ ఒజెగ్రెత్‌కు వెళ్లండి. 26 హెక్టార్ల చిన్న దీవి. మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ అక్కడ పాత ఎబొనీ (నల్లటి చేవ ఉండే చెట్టు) అడవిని తిరిగి పెంచుతోంది. పెద్ద తాబేళ్లు దారిలోనే నడుస్తుంటాయి. గులాబి పావురాన్ని దగ్గరగా చూశాం. 1990ల మొదట్లో ఆ పక్షులు దాదాపు పది మాత్రమే మిగిలాయట, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. గైడ్ ప్రతి చెట్టు కథా ఓపిగ్గా చెప్పాడు. టికెట్టు డబ్బు ఆ పనికే పోతుంది.

ఆదివారం బ్లూ బే. మారిషస్‌లో ఇసుక తీరం పోటు నీరు తాకేదాకా అందరిదీ, రిసార్టుల ముందు కూడా నడవొచ్చు. సరుగుడు చెట్ల కింద కుటుంబాలు కుటుంబాలే వచ్చి వండిన గిన్నెలు దించుకుంటాయి. ఒక కుటుంబంలో పెద్దాయన రవాన్ అనే మేకతోలు డప్పును చితుకుల మంట మీద వేడిచేసి వాయించాడు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా, మడగాస్కర్ మనుషుల పాట సెగా. అడుగులు ఇసుక మీద ఈడుస్తూ ఆడతారు. 2014లో యునెస్కో దాన్ని గుర్తించింది. రిసార్టులో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. "కి మాన్యేర్?" అని పలకరిస్తే చాలు, మాకూ పళ్లెం పెట్టారు.

అంతకుముందు శనివారం జరిగింది చెప్పాలి. తాంతిన్‌కు తెలిసినవాళ్లింట్లో భజన ఉందని, మీ భాషే అని తీసుకెళ్లింది. అక్కడి తెలుగువాళ్లకు ఉగాది జాతీయ సెలవు, బడిలో తెలుగు పాఠం ఉంది, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు కూడా అక్కడే జరిగాయి. ఇదంతా చదివే వెళ్లాను. అయినా దీపం చుట్టూ తిరుగుతూ పాడుతున్నవాళ్ల నోట "సింహాద్రి అప్పన్నా" అని వినిపించగానే నా ఒళ్లు జలదరించింది. అమ్మ లేచి వాళ్లతో కలిసింది. ఆవిడకు పాటలు రావు, పేరు వస్తుంది, అది చాలింది. భజన అయ్యాక ఎనభై దాటిన ఒక అమ్మమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని క్రియోల్‌లో ఏదో అడిగింది. మనవరాలు ఇంగ్లిషులో చెప్పింది: "మీ ఊరి నుంచి సింహాచలం కనిపిస్తుందా అని అడుగుతోంది." కనిపించదు, బస్సులో పోతాం అని అమ్మ చెప్పింది. ఆమె మళ్లీ అడిగింది. స్వామి గంధం ఎలా ఉంటుందో చూడలేదట.

ఇలాంటి భజనకు టికెట్టుండదు, ముందుగా బుక్ చేసుకోవడానికి లేదు. పళ్లు తీసుకెళ్లండి, చెప్పులు బయట విడవండి, అడగకుండా ఫోటో తీయకండి.

ఈ వైశాఖంలో చందనోత్సవానికి అమ్మ కొండెక్కింది. తెచ్చిన గంధం చిన్న డబ్బాలో పెట్టి, మూత మీద ఆ అమ్మమ్మ పేరు తెలుగులో రాసింది. పంపడానికి ఎవరు వెళ్తున్నారా అని కనుక్కుంటున్నాం.