కొత్తగా ఆర్కిటెక్చర్ పాఠం చెప్పబోయేవారికి ఎన్‌పీటెల్ ఎంతవరకు పనికొస్తుంది?

ఎం.ఆర్క్ పూర్తిచేసి కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరగానే టైమ్ టేబుల్‌లో మామూలుగా రెండు వచ్చి పడతాయి. ఒకటి డిజైన్ స్టూడియో, అంటే పిల్లల డిజైన్లను ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని దిద్దే క్లాసు. రెండోది సీనియర్లు ఎవరూ తీసుకోని థియరీ సబ్జెక్టు. అకౌస్టిక్సో, క్లైమటాలజీయో, బిల్డింగ్ సర్వీసెసో, బీఆర్క్‌లో ఎప్పుడో పరీక్ష రాసేసి మరిచిపోయినదే అయి ఉంటుంది. ఆ థియరీ విషయంలో ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్ నిజంగా ఆదుకుంటుంది. స్టూడియో విషయంలో దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. మార్కులే వేయాలంటే థియరీకి ఐదుకి నాలుగున్నర, స్టూడియోకి ఒకటి.

ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఈ కోర్సులు కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో ఏడాదికి రెండు విడతలు వస్తాయి, జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులుంటాయి. వారానికి సుమారు ఐదు వీడియోలు, ఒక్కోటి అరగంట అటూ ఇటూ. అంటే పన్నెండు వారాల కోర్సుకి 30 గంటలు కూర్చోవాలి. వీడియోలు, అసైన్‌మెంట్లు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష రాయాలి, దానికి కోర్సుకి రూ.1000. మన సబ్జెక్టుల్లో ఖరగ్‌పూర్ ఐఐటీ ఆర్కిటెక్చరల్ అకౌస్టిక్స్, రూర్కీ ఐఐటీ సస్టెయినబుల్ ఆర్కిటెక్చర్ లాంటివి ఉన్నాయి. కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో అనువాదాలు కూడా పెట్టారు. సాంకేతిక పదాలు ఇంగ్లిషులోనే వినడం అలవాటైనవారికి వాటితో పెద్దగా పని ఉండదు.

వీడియో చూసి అదే స్లైడు క్లాసులో మళ్లీ చూపిస్తే పిల్లలు పది నిమిషాల్లో ఫోన్లు తీస్తారు, ఎందుకంటే ఆ వీడియో వాళ్ల ఫోన్లోనూ ఉంది. పాఠాన్ని అక్కడ నేర్చుకుని, లెక్కను మాత్రం మీ క్లాస్‌రూమ్ మీదే చేయించాలి. అకౌస్టిక్స్‌లో సబైన్ సూత్రం వారం వచ్చిందనుకోండి: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో (గది ధ్వనిని ఎంత పీల్చుకుంటుందో దాంతో) భాగిస్తే ప్రతిధ్వని ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది. పిల్లల చేతికి టేపు ఇవ్వండి. 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, 3.6 మీటర్ల ఎత్తు గది అయితే ఘనపరిమాణం 388.8 ఘనపు మీటర్లు. గోడలు, నేల, పైకప్పు కలిపి 367 చదరపు మీటర్లు. అంతా ప్లాస్టరింగ్, గచ్చు, కాబట్టి శోషణ గుణకం సగటున 0.03 వేస్తే మొత్తం శోషణ 11. ఖాళీ గదిలో జవాబు 5.7 సెకన్లు! నలభై మంది కూర్చుంటే, మనిషికి 0.45 చొప్పున, మరో 18 కలిసి 2.2 సెకన్లకు దిగుతుంది. పైకప్పుకి 0.6 గుణకం ఉన్న మినరల్ ఫైబర్ టైల్స్ వేస్తే 0.7. మాట స్పష్టంగా వినపడాలంటే క్లాస్‌రూమ్‌కి కావలసింది ఇంచుమించు అదే. వెనక బెంచీలో కూర్చున్నవాళ్లకు మీ గొంతు ఎందుకు ముద్దముద్దగా వినిపిస్తోందో ఆ రోజు వాళ్లే లెక్కగట్టి చెబుతారు.

ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఒకటుంది. టైల్స్ వేశాక పైకప్పు పాత శోషణను తీసేయకుండా కొత్తదాన్ని దానిమీద కలిపేస్తారు. ఈ లెక్కలో తేడా చిన్నదే కాబట్టి జవాబు చూసి పట్టుకోలేరు. టేబుల్ వేయించి, ఒక్కో ఉపరితలానికి ఒక్కో వరుస రాయించండి.

క్లైమటాలజీ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఉత్తరాది ఐఐటీల పాఠాల్లో ఉదాహరణలు ఎక్కువగా ఉత్తరాదివే ఉండటం సహజం. వాటిని విజయవాడ క్లాసులో అలాగే దించితే తప్పుతుంది. రూర్కీ దాదాపు 30 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, కర్కాటక రేఖకి పైన. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణంవైపే ఉంటాడు. విజయవాడ 16.5 డిగ్రీలు. జూన్ 21 మధ్యాహ్నం మన నడినెత్తి దాటి 7 డిగ్రీలు ఉత్తరానికి వెళ్తాడు. ఆ వేళ ఎండ తగిలేది ఉత్తరపు గోడకి. ‘ఉత్తరం కిటికీకి నీడ అక్కర్లేదు’ అన్న వాక్యం మన దగ్గర చెల్లదు. నడిమధ్యాహ్నానికి చిన్న చజ్జా (కిటికీ పైన ముందుకొచ్చే పలక) చాలు గానీ, ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం ఈశాన్య, వాయవ్య దిశల నుంచి వాలుగా వచ్చే ఎండకి చజ్జా చాలదు, పక్కన నిలువు ఫిన్లు (పలకలు) కావాలి.

దక్షిణం కిటికీ లెక్క కూడా చేయించి చూడండి. డిసెంబర్ 21 మధ్యాహ్నం విజయవాడలో సూర్యుడి ఎత్తు 50 డిగ్రీలు. 1.2 మీటర్ల ఎత్తున్న కిటికీ మొత్తానికి అప్పుడు నీడ పడాలంటే చజ్జా మీటరు బయటికి రావాలి. మార్చి 21న ఎత్తు 73.5 డిగ్రీలు, అప్పటికి 36 సెంటీమీటర్లు సరిపోతుంది. రూర్కీలో డిసెంబర్ ఎండ 37 డిగ్రీల ఎత్తునుంచి వస్తుంది, చలికి దాన్ని గదిలోకి పిలుచుకుంటారు. మనకి ఆ అవసరం ఎంత? కృష్ణా తీరంలో ఆ ఎండని లోపలికి రానివ్వాలా వద్దా అని పిల్లల చేత వాదన పెట్టిస్తే గంట ఇట్టే గడుస్తుంది. హైదరాబాద్‌ది మిశ్రమ వాతావరణం, విజయవాడ, విశాఖలది వేడి ఉక్కపోత వాతావరణం. మందపు గోడలు, కూలర్ల చిట్కాలు పొడి వేడికి పనిచేస్తాయి, ఉక్కపోతలో కూలర్ ఇంకా చెమటే పట్టిస్తుంది. అక్కడ గాలి ఆడటం ముఖ్యం. ఈ సర్దుబాటు వీడియో చేసిపెట్టదు, మీరే చేసుకోవాలి.

సర్టిఫికెట్ సంగతికొస్తే, చాలామంది బోల్తాపడేది కోర్సు కష్టంగా ఉండి కాదు, నిబంధన చదవక. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు. రెండోదానికి వేరే ఫారం, వేరే గడువు. పన్నెండు వారాలు అసైన్‌మెంట్లు చేసి ఫారం నింపకపోతే చేతికేమీ రాదు. మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సులో మెరుగైన ఎనిమిది అసైన్‌మెంట్ల సగటు, ఎనిమిది వారాల కోర్సులో మెరుగైన ఆరింటి సగటు తీసుకుంటారు. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30, రెండూ విడివిడిగా రావాలి. అసైన్‌మెంట్లలో 24 తెచ్చుకుని పరీక్షలో 28 వస్తే మొత్తం 52 అయినా పాస్ కాదు. అసైన్‌మెంట్లు దాదాపు అన్నీ ఆప్షన్ల ప్రశ్నలే కాబట్టి అక్కడ మార్కులు తేలిగ్గా పడతాయి, ఆ ధీమా పరీక్ష గదిలో దెబ్బకొడుతుంది. పరీక్ష ఇంట్లోంచి కాదు, సెంటర్‌కి వెళ్లి కంప్యూటర్ మీద రాయాలి.

పేరు విషయం చిన్నదనిపిస్తుంది గానీ మనవాళ్లకు ఇదో తలనొప్పి. ఇంటిపేరు ముందా వెనకా, ఇనీషియలా పూర్తి పేరా అన్నది టెన్త్ మెమోలో ఉన్నట్టే ఫారంలో నింపండి. ప్రమోషన్ ఫైలులో రెండు కాగితాల మీద రెండు పేర్లుంటే ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

పరీక్ష తేదీ కూడా ముందే చూసుకోండి. జులై కోర్సుల పరీక్షలు సెమిస్టర్ చివరి వారాలకు దగ్గర్లో, వారాంతాల్లో పడతాయి. సరిగ్గా అప్పుడే స్టూడియోలో ఫైనల్ జ్యూరీ, అంటే పిల్లల డిజైన్లను బయటివాళ్లొచ్చి మదింపు చేసే రోజు. ఎక్స్‌టర్నల్ జ్యూరర్ శనివారమే వీలవుతుందంటే మీ వెయ్యి రూపాయలు పోయినట్టే. స్టూడియో కోఆర్డినేటర్‌కి తేదీ మొదటి నెలలోనే చెప్పేయడం మేలు.

ఈ సర్టిఫికెట్ ఉద్యోగంలో దేనికి లెక్కకొస్తుంది? యూజీసీ 2018 నిబంధనల్లో, అసిస్టెంట్ ప్రొఫెసర్ పే లెవెల్ 10 నుంచి 11కి వెళ్లేటప్పుడు అడిగే శిక్షణల్లో 21 రోజుల ఓరియెంటేషన్ తప్పనిసరి. దానికి తోడు కావలసిన రెండోదానికి ఉన్న ప్రత్యామ్నాయాల్లో ఈ-సర్టిఫికెట్‌తో కూడిన మూక్ (ఆన్‌లైన్) కోర్సు ఒకటి. అంటే ఓరియెంటేషన్‌కి ఇది బదులు కాదు. ఎన్‌పీటెల్‌లో ఎఫ్‌డీపీగా (అధ్యాపకుల శిక్షణగా) గుర్తించిన కోర్సులకు పన్నెండు వారాలైతే ఒకటిన్నర వారం, ఎనిమిది వారాలైతే ఒక వారం ఎఫ్‌డీపీగా లెక్కిస్తారు. ఆ గుర్తింపు సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈది. ఇక్కడే ఆర్కిటెక్చర్ వాళ్లకు మెలిక ఉంది. ఆర్కిటెక్చర్ విద్య ప్రమాణాల విషయంలో ఏఐసీటీఈ కాదు, 1972 చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ మాటే చెల్లుతుందని 2019 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కాబట్టి మీ యూనివర్సిటీ ఎఫ్‌డీపీ కింద దేన్ని ఒప్పుకుంటుందో చేరకముందే అడిగి, కాగితం మీద తీసుకోండి. కౌన్సిల్‌కి సొంత శిక్షణ కేంద్రం ఉంది, అది ఆర్కిటెక్చర్ టీచర్లకే కార్యక్రమాలు పెడుతుంది. ఏడాదికి ఒక్కదానికే సెలవు దొరికే పరిస్థితైతే ముందు దానికే వెళ్లండి. ఇంకా ఉద్యోగం రానివాళ్లు నాలుగైదు ఎన్‌పీటెల్ సర్టిఫికెట్లు పోగేసుకుని ఇంటర్వ్యూకి వెళ్తే పెద్ద లాభం లేదు. అక్కడ చూసేది మీ పోర్ట్‌ఫోలియో, డెమో క్లాసు.

స్లైడ్లు వాడుకోవడం గురించి: ఎన్‌పీటెల్ పాఠాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి, మూలం చెప్పి, అదే లైసెన్సు కింద పంచుకోవచ్చు. అయితే స్లైడులో ఉన్న భవనం ఫొటో వేరొకరిది అయి ఉండొచ్చు, దానికి ఈ లైసెన్సు వర్తించదు. సురక్షితమైన దారి, డయాగ్రాం బోర్డు మీద మీరే గీయడం. ఆర్కిటెక్చర్ క్లాసులో బోర్డు మీద సెక్షన్ గీయగలిగే టీచరుకి ఉండే గౌరవం వేరు.

జూన్, జులైల్లో ఉద్యోగంలో చేరినవారికి ఒక చిక్కు. వీడియోలు వారానికింత అని విడుదలవుతాయి, మీ సిలబస్ మాత్రం మీ యూనివర్సిటీ వరసలో నడుస్తుంది. మీ మూడో యూనిట్ అక్కడ తొమ్మిదో వారంలో ఉండొచ్చు. అదే కోర్సు పాత విడతల వీడియోలు ఆర్కైవ్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఉంటాయి. రెండు వారాలు ముందుండేలా అవి చూసుకుంటూ, అసైన్‌మెంట్ల కోసం మాత్రం నడుస్తున్న విడతలో ఉండండి.

ఇక స్టూడియో. నాలుగు గంటల స్టూడియోలో మీ వంతుకి పదిహేను మంది పిల్లలొస్తే ఒక్కొక్కరికి పదహారు నిమిషాలు. కొత్త టీచరు మొదటి ముగ్గురి దగ్గర చెరో అరగంట గడిపేసి, చివరి ఐదుగురిని ‘రేపు చూద్దాం’ అంటాడు. ఆ ఐదుగురే జ్యూరీలో ప్లాను లేకుండా నిలబడతారు. గడియారం ఎదురుగా పెట్టుకోవడం, వచ్చే క్లాసులో కిందటిసారి మిగిలిపోయినవాళ్లతో మొదలుపెట్టడం, ప్రతి పిల్లాడి డ్రాయింగ్ మీద తేదీ వేసి ఒక్క పని మాత్రమే రాసివ్వడం, ఇవేవీ ఆప్షన్ల ప్రశ్నల్లో పట్టే విషయాలు కావు. మంచి సీనియర్ స్టూడియోలో వెనక కుర్చీ వేసుకుని నాలుగు వారాలు కూర్చోండి, ఆయనేం చెబుతున్నారన్నది కాదు, ఎక్కడ ఊరుకుంటున్నారో చూడండి. పిల్లల షీటు మీద నేరుగా గీయకండి, వాళ్ల గీత చెరిగితే ఆ డిజైన్ మీదైపోతుంది, వాళ్లది కాదు. పైన బటర్ పేపర్ పరిచి, 4బీ పెన్సిల్‌తో గీసి, ఆ కాగితం వాళ్లకే ఇచ్చేయండి. స్టూడియో కోసం ఖర్చు పెట్టాలనుకుంటే పరీక్ష ఫీజు బదులు ఒక బటర్ పేపర్ రోల్ కొనుక్కోండి.