గంటమూ ఖడ్గమూ: ఒడిశా కరణాలు, ఖండాయత్‌లు

ఒడియా సమాజంలో కరణాలు, ఖండాయత్‌లు రెండు కులాలు. కరణాలకు హోదా గంటం వల్ల వచ్చింది. ఖండాయత్‌లకు అది ‘ఖండా’ అనే కత్తి వల్ల వచ్చింది. పూరీ జగన్నాథాలయంలో తాళపత్రాలపై ఆలయ చరిత్ర గ్రంథమైన మాదలా పాంజి రాసి, రాజుల లెక్కలు చూసిన కరణాలు కొలువులో పలుకుబడి గలవారు. మన ఊరి కరణం ఇక్కడ గుర్తుకు రాక మానడు. ఖండాయత్‌ల స్థితి ఇంతకంటే చిక్కైనది: మామూలు రోజుల్లో సేద్యం చేసుకుంటూ, పిలుపు వస్తే పాయికులుగా, అంటే రాజు కాల్బలంగా, యుద్ధానికి కదిలి, ఆ సేవకు ప్రతిఫలంగా జాగీరు భూములు అనుభవించారు. 1803లో మరాఠాల నుంచి తీర ఒడిశాను గెలుచుకున్న ఈస్టిండియా కంపెనీ ఆ భూములను లాక్కోవడంతో వారి హోదాకు పునాదే కదిలింది. 1817లో ఖుర్దాలో అక్కడి రాజు సేనాపతిగా ఉన్న బక్షీ జగబంధు నాయకత్వాన సాగిన పాయిక తిరుగుబాటుకు అదొక ముఖ్య కారణం. కరణాలకూ కచేరీల్లో బెంగాలీ గుమాస్తాల పోటీ ఎదురైంది గాని, దాన్ని భూమి పోవడంతో సమానమైన దెబ్బగా నేను లెక్కించను.