జిల్లా పేజీలో శ్రద్ధాంజలి: ఇచ్చే డబ్బుకు ఏమొస్తుంది?

తెనాలిలాంటి ఊళ్లో ఎవరైనా పోతే ఆ కబురు పేపర్లో మూడు రకాలుగా వస్తుంది. విలేకరికి చెబితే వచ్చే సింగిల్ కాలమ్ వార్త, పెద్దకర్మకు డబ్బు కట్టి వేయించే శ్రద్ధాంజలి, ఏడాది తిరిగాక వర్ధంతి ప్రకటన. మూడింట్లో డబ్బుకు తగ్గ పని చేసేది మధ్యదే.

వార్తకు పైసా ఖర్చు లేదు, దాని మీద మన చెయ్యీ ఉండదు. శీర్షికలో పరామర్శకు వచ్చిన ఎమ్మెల్యే ఉంటాడు, పోయినాయన కింద ఎక్కడో ఉంటాడు. పెద్దకర్మ ఎక్కడో, ఎన్నింటికో తరచూ ఉండనే ఉండదు.

ప్రకటనకు లెక్క చదరపు సెంటీమీటర్లలో. 8 వెడల్పు, 10 ఎత్తు అంటే 80. రేటు వంద అనుకుంటే 8,000, పైన 5 శాతం జీఎస్టీ 400. ఎడిషన్ని బట్టి, రంగును బట్టి రేటు మారుతుంది. ముందు అడగాల్సింది మాత్రం 'ఏ ఎడిషన్‌లో పడుతుంది?' అనే. గుంటూరు జిల్లా పేజీలో వేసింది కూకట్‌పల్లిలో పేపరు వేయించుకునే చుట్టాల కంట పడదు. వాళ్లకు ఈ-పేపర్ క్లిప్పింగే గతి.

ఎక్కువగా చెడేది ఫొటో. పేపర్లో 4 సెంటీమీటర్ల వెడల్పున మొహం తేటగా రావాలంటే అడ్డంగా 300 పిక్సెళ్లకు తగ్గకూడదు. పెళ్లి గ్రూప్ ఫొటో వాట్సాప్‌లో వచ్చేసరికి 1,600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అందులో ఇరవై మంది ఉంటే ఒక్కో మొహానికి దక్కేది 70, 80. అదే అచ్చయితే మసి మరక. పాత ఆల్బమ్ ఫొటో స్కాన్ చేయించి, వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపండి. న్యూస్‌ప్రింట్ సిరా పీల్చుకుంటుంది కాబట్టి నల్ల బ్యాక్‌గ్రౌండ్ తీయించి, మొహం కాస్త తెలుపు చేయించాలి.

తర్వాతి గండం టైపింగ్. ఫోన్‌లో మనం కొట్టేది యూనికోడ్. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా అను ఫాంట్లే, అంటే యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు. ఆపరేటర్ మార్చినా, మళ్లీ కొట్టినా ఒత్తులు జారిపోతాయి. శీర్షికే 'శ్రద్దాంజలి' అయి కూర్చుంటుంది, ద కింద ధ ఒత్తు పోయి. ప్రూఫ్ చేతికొచ్చాక ఇంటిపేరు, తేదీ, వారం, ఫంక్షన్ హాల్ పేరు ఈ నాలుగూ గట్టిగా పైకి చదవాలి. తేదీకీ వారానికీ పొంతన లేకపోతే వచ్చేవాళ్లు ఏది నమ్మాలి?

80 చదరపు సెంటీమీటర్లలో ఫొటో పోను ముప్పై, నలభై మాటలకే చోటు. 'ఇట్లు' కింద కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు అందరినీ ఎక్కిస్తే భోజనాల వేళ రాయడానికి చోటుండదు. 'కుటుంబ సభ్యులు' అంటే సరిపోతుంది, అలిగేవాళ్లు ఎలాగూ అలుగుతారు. పెద్దకర్మకు రెండు రోజుల ముందు పడేలా చూసుకోండి. పండగ మర్నాడు పేపరు రాని రోజులుంటాయి, అవి లెక్కేసుకోవాలి.

వర్ధంతి ప్రకటనకు అంత డబ్బు దండగ. చూసేది ఇంట్లోవాళ్లే, వాళ్లకు తేదీ గుర్తే.

ఇంకోటి, పేపరు కటింగ్ ఏ ఆఫీసులోనూ మరణ ధ్రువపత్రం కాదు. 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాల్సిందే.