చేతక్ మేలా, లూనా మేలా?

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి ముందు రెండూ ఉండేవి, నాన్న చేతక్, బాబాయి లూనా. మొన్న మా తమ్ముడు ఫోన్ చేసి, పాతబండి ఒకటి కొని బాగుచేయించుకుంటాను, ఏది తీసుకోమంటావన్నయ్యా అన్నాడు. వెంటనే చెప్పలేకపోయాను.

రెండూ 1972లోనే వచ్చాయి, రెండూ పుణె కంపెనీలవే. చేతక్ బజాజ్‌ది, రాణా ప్రతాప్ గుర్రం పేరు దానికి. లూనా కైనెటిక్‌ది. పోలిక అక్కడితో సరి. ఒకటి నాలుగు గేర్ల స్కూటరు, రెండోది గేర్లే లేని 50 సీసీ మోపెడ్.

పొద్దున్నే నాన్న చేతక్‌ను ఓ పక్కకి వంచి, నిలబెట్టి, చోక్ లాగి కిక్కు కొట్టేవాడు. అలా వంచితే కార్బురేటర్‌లోకి పెట్రోలు దిగుతుందనేవాడు. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపాలి. ఆ పొగ వాసన తగిలితే నాన్న వచ్చాడని తెలిసేది. ముందు నేను నిలబడి, నాన్న వెనక తమ్ముడు, ఆ వెనక అమ్మ పక్కకి తిరిగి కూర్చుని, నలుగురం దసరాకి విజయవాడ అమ్మవారి గుడికి వెళ్లేవాళ్లం. ఓసారి సీతానగరం దగ్గర, ఇంకాసేపట్లో ప్రకాశం బ్యారేజీ ఎక్కుతామనగా, మేకు దిగి వెనక టైరు పంక్చరైంది. నాన్న వెనకున్న స్టెపినీ విప్పి, చక్రం మార్చేసి, చేతులు తుడుచుకున్నాడు. ముందు చక్రం, వెనక చక్రం ఒకే సైజు కాబట్టి ఆ ఒక్క స్టెపినీ దేనికైనా సరిపోతుంది. పంక్చరు షాపు కోసం పిల్లల్తో ఎండలో నడిచే పని తప్పింది. ఆ సౌకర్యం లూనాలో లేదు.

లూనాకి దాని సుగుణం దానికుంది. పెట్రోలు అయిపోతే సైకిల్లా తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు. శంకర్ విలాస్ ఓవర్‌బ్రిడ్జి ఎక్కేటప్పుడు నన్ను వెనక కూర్చోబెట్టుకుని బాబాయి పెడల్ కూడా కలిపేవాడు, బండీ మనిషీ కలిసి ఎక్కేవాళ్లు. అత్తయ్య ఒక్క పూటలో నేర్చుకుంది. క్లచ్ పట్టడం, ఎడమచేతి పిడి తిప్పి గేరు వెయ్యడం ఉండవు గదా. తను బండి మీద ఒంటరిగా బజారుకి వెళ్లొచ్చిన రోజు మా వీధి వీధంతా చూసింది. అందుకే లూనా అంటే నాకు ఇప్పటికీ గౌరవం.

కరెంటు బళ్లుగా చేతక్ 2020లో, లూనా 2024లో తిరిగొచ్చాయి. తమ్ముడికి కావాల్సింది అవి కావు, ఆ పాత చప్పుడు.

వాడికి ఇద్దరు పిల్లలు, ఆదివారాలు తిప్పాలి. అందుకే చేతక్ తీసుకోమన్నాను. రేకు సొట్టపోతే సరిచేసే చెయ్యి విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది. ఒంటరిగా ఉండి, పేటలోనే తిరిగేవాడైతే లూనా అనేవాణ్ణి.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్పాను. చేతక్‌కి వేరే ఫ్రేము ఉండదు, ఆ ఇనప రేకు ఒళ్లే ఫ్రేము. కాబట్టి రంగు చూసి మురిసిపోకుండా, కాళ్లు పెట్టుకునే చోట అడుగున చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ తుప్పు తినేసి ఉంటే ఎంత చవకైనా వద్దు. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్ చేయించాలి, కాయితాలు లేని బండి జోలికి పోవద్దు. ఆఖరున స్టెపినీ నట్లు విప్పి చూడమన్నాను. అవి పట్టెయ్యకుండా తిరిగితే ఆ బండిని ఎవరో మా నాన్నలాంటివాడే చూసుకుని ఉంటాడు.