నాణేల గ్రేడింగ్‌ను ఎంతవరకు నమ్మొచ్చు? తొమ్మిదేళ్ల అనుభవం

మా నాయనమ్మ వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు పెట్టే విక్టోరియా రూపాయి 1862 నాటిది. గ్రేడింగ్ అంటే నాణెం అసలుదో కాదో చూసి, అది ఏ స్థితిలో ఉందో చెప్పే అంకె వేయడం, దానికి సంస్థలున్నాయి. నేను గ్రేడింగ్‌కు పంపిన మొదటి నాణెం అదే. నెలన్నర తర్వాత స్లాబ్‌లో, అంటే లేబుల్‌తో మూసేసిన గట్టి ప్లాస్టిక్ పెట్టెలో తిరిగొచ్చింది. లేబుల్ మీద అంకె లేదు, 'డీటెయిల్స్, క్లీన్డ్' అని మాత్రం ఉంది, అంటే నాణెం అసలుదే కానీ తోమేశారు కాబట్టి అంకె ఇవ్వలేమని. చాలా బాధేసింది. ప్రాణంలా దాచుకున్న బిళ్ళను ఎవరు పాడుచేశారు అనుకున్నాను. భూతద్దం పెట్టి, టేబుల్ లైట్ కింద నాణేన్ని కొద్దికొద్దిగా వంచుతూ చూశాను. రాణి చెంప మీద, ముక్కు ముందున్న ఖాళీలో వెంట్రుకల్లాంటి సన్నని గీతలు, అన్నీ ఒకే వైపుకు సాగి ఉన్నాయి. ఏటా వ్రతం ముందురోజు చింతపండుతో కడిగి, విభూతితో తోమేవాళ్లం కదా, ఆ గీతలే అవి. వాళ్లు రాసింది నిజమే.

అప్పటి నుంచి విజయవాడ వన్‌టౌన్ వెండి కొట్లలో, కరిగించడానికి వచ్చిన పాత వెండిలోంచి ఏరి కొన్నవి, గుంటూరు చుట్టాల ఇళ్లలో దొరికినవి కలిపి నలభై దాకా పంపాను. అన్నీ మన దేశంలోనే గ్రేడింగ్‌కు తీసుకునే సంస్థ ద్వారానే. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని మనంతట మనం విదేశాలకు పంపకూడదు. ఈ సంగతి తెలియక కొరియర్‌లో పంపాలని చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

అసలా నకిలీనా తేల్చడంలో గ్రేడింగ్‌కు నా పూర్తి ఓటు. 1939 రూపాయి చాలా అరుదు, అందుకే దానికి నకిలీలూ ఎక్కువ. నాకు ఒకటి దొరికింది. తూకం 11.66 గ్రాములు సరిగ్గా ఉంది, అంచు గీతలు బాగున్నాయి, వెండి మోత కూడా సరిగ్గానే ఉంది. గ్రేడ్ ఇవ్వకుండా వెనక్కి పంపారు, తేదీ మార్చారని. 1938 రూపాయిలో చివరి 8ని చెక్కి 9 చేశారు. తర్వాత చూస్తే ఆ అంకె చుట్టూ లోహం కాస్త గుంటపడి, మిగతా చోట ఉన్న మెరుపు అక్కడ లేదు. నా కళ్లు పట్టుకోలేనిది వాళ్లు పట్టుకున్నారు. ఆ ఒక్క నాణెంతోనే నేను కట్టిన ఫీజులన్నీ గిట్టుబాటయ్యాయి.

అంకె దగ్గరికి వస్తే మాత్రం అంత నమ్మకం లేదు. అమెరికాలో షెల్డన్ అనే ఆయన 1949లో పెద్ద సెంట్ల (అక్కడి పాత రాగి నాణేల) కోసం పెట్టిన 1 నుంచి 70 స్కేలే ఇప్పుడు అందరూ వాడేది. పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో (రెండూ అమెరికా గ్రేడింగ్ సంస్థలే) వచ్చాక స్లాబ్‌లో పెట్టి అంకె వేయడం మామూలైంది. 60, ఆపైన అంటే చలామణిలో తిరగనిది. నా 1918 జార్జి రూపాయికి మొదటిసారి ఎంఎస్ (మింట్ స్టేట్, అంటే వాడనిది) 62 ఇచ్చారు. ఇంకొంచెం ఎక్కువ వస్తుందనిపించి స్లాబ్ తీయించి మళ్లీ అదే చోటికి పంపాను. ఈసారి ఏయూ (కొద్దిగా వాడింది) 58 వచ్చింది. అదే బిళ్ళ, మధ్యలో నేను వేలు కూడా పెట్టలేదు. మొదట వాడనిది అన్నారు, తర్వాత వాడింది అన్నారు.

ఎందుకలా? రాజు వస్త్రం మీదున్న చిన్న ఏనుగు బొమ్మ దగ్గరే తేడా వచ్చిందని నా అభిప్రాయం. (1911లో అది పందిలా ఉందని గొడవైతే 1912లో మార్చారు.) ఉబ్బెత్తుగా ఉన్న ఆ చోట అచ్చు సరిగ్గా పడకపోయినా, చేతులు మారి అరిగినా పైకి ఒకేలా కనిపిస్తుంది. అక్కడ మెరుపు ఉంటే అచ్చు లోపం, పోయి ఉంటే అరుగుదల అని తేల్చాలి. చూసేది మనిషి కన్ను కాబట్టి ఒక రోజు ఒకలా, ఇంకో రోజు ఇంకోలా తోస్తుంది. ఆ నాలుగు అంకెలకు ధర మాత్రం బాగా మారిపోతుంది, నన్ను బాధపెట్టేది అదే.

నకిలీ స్లాబులు కూడా ఉన్నాయి. లేబుల్ మీది నంబర్‌ను సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, ఫోటోలో మచ్చలు, గీతలు మీ చేతిలోని నాణెంతో కలుస్తున్నాయో లేదో చూసుకోండి. ఇంకో మాట, స్లాబ్‌లోకి గాలి చొరబడదని అనుకోవద్దు. బెజవాడ ఉక్కపోతకు రెండేళ్లలో ఒక బిళ్ళ అంచు గోధుమరంగుకు తిరిగింది. ఇప్పుడు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేస్తున్నాను, వానాకాలం ముందు మారుస్తాను. మామూలు 1919 రూపాయిల్లాంటివైతే ఫీజు దండగ, పంపకండి.

ఆ 1918 రూపాయిని పోయిన సంక్రాంతికి గుంటూరు బ్రాడీపేటలో ఒక పెద్దాయనకు అమ్మాను. పాత 62 లేబుల్ దాచి ఉంచాను, రెండూ ముందు పెట్టి జరిగింది చెప్పాను. "లేబుళ్లు పక్కన పెట్టు బాబూ, బిళ్ళ ఇలా ఇవ్వు," అని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పది నిమిషాలు తిప్పి తిప్పి చూశారు. 58కి ఎక్కువ, 62కి తక్కువ ధర చెప్పారు. నేను బేరం ఆడలేదు.